నా సిన్నోడి మంచు టైర్లు

సిన్నోడా, నువ్విక లేవని ఫోనులో చెప్పినప్పుడు నేను పెరట్లో ఉలవలు చెరుగుతున్నాను. చేట కింద పెట్టి, చెప్పినవాళ్లనే మళ్లీ చెప్పమన్నాను. మంచుకొండల రోడ్డు మీద జీపు ఓ పక్కకి ఆపి, స్టీరింగు మీద తల వాల్చి పోయావన్నారు. బండిలో ఉన్న ముగ్గురు కూలీలకీ చిన్న దెబ్బ కూడా తగల్లేదన్నారు. నా నోట వచ్చిన మాట ఒక్కటే.

"ఆడు పొద్దున్న ఏటైనా తిన్నాడా?"



ఇది చదివే బాబులకీ అమ్మలకీ చెబుతున్నాను. నేను అయిదో తరగతితో ఆగిపోయినదాన్ని. మా శ్రీకాకుళం డ్రైవర్లు నా కొడుకుని తలుచుకుని చిన్న పుస్తకం వేస్తున్నారు, నన్నూ రాయమన్నారు. తప్పులుంటే సరిచేసుకుని చదువుకోండి.

సిన్నోడి నాన్నకి అంబాసిడర్ టాక్సీ ఉండేది. తెల్లరంగు వెలిసి మీగడ రంగుకి వచ్చిన బండి. చుట్టుపక్కల ఏ ఊళ్లో పెళ్లయినా అదే వెళ్లేది. ముందు సీటు బల్లలా ఒకటే. గేరు స్టీరింగు పక్కనే ఉండేది కాబట్టి అక్కడే నలుగురు ఇరుక్కునేవారు. వెనక ఎంతమంది ఎక్కారో దిగేటప్పుడు గాని తెలిసేది కాదు. ఆయన దాన్ని పాత పొందూరు పంచె ముక్కతోనే తుడిచేవారు. వేరే గుడ్డ తగిలితే గీతలు పడతాయని నన్ను కసిరేవారు. తలుపు వేసిన చప్పుడు మా వీధి చివరికి వినిపించేది.

సిన్నోడు డ్రైవింగు ఆ బండి మీదే నేర్చాడు. వానల్లో గెడ్డ పొంగి, దాని గట్టు మీద బండి దిగబడిపోతే వాడికి పాఠం మొదలయ్యేది. బ్రేకు తొక్కకు, గేరు దించు, బురదలో బండిని బతిమాలుకోవాలి గాని తిట్టకూడదు అని ఆయన పక్కన కూర్చుని చెప్పేవారు. ఇంకో మాట కూడా చెప్పేవారు. కిరాయికి ముందు బువ్వ తినొద్దు, కన్ను మూతపడుతుంది, జనాన్ని దింపాక తిను అని. నేను చోడంబలి గ్లాసు పట్టుకుని వీధిలోకి వస్తే తండ్రీ కొడుకూ ఒకేలా చెయ్యి ఊపి వెళ్లిపోయేవారు. మా వాళ్లకి పని మీద ఎంత ధ్యాసో చూడండని నేను పక్కింటివాళ్లతో గొప్పగా చెప్పుకునేదాన్ని.

ఆయన పోయాక ఆ బండి మళ్లీ లేవలేదు. సిన్నోడు ఉత్తరాన మంచుకొండల్లో రోడ్లు వేసే కాంట్రాక్టరు దగ్గర జీపు తోలడానికి వెళ్లాడు. మొదటి చలికాలం ఫోను చేసి, బండికి మంచు టైర్లు వేశారని చెప్పాడు. నాకు నవ్వొచ్చింది.

"టైర్లకి కూడా సలికాలం, ఎండాకాలం ఉంటాయేటిరా?"

"ఉంటాయమ్మా. మన టైరు ఆ సలికి బిగుసుకుపోయి జారిపోద్ది. ఇది మెత్తన, గాడులు లోతు. మంచుని పట్టుకుంటాది. అయినా తొందర పనికిరాదు. నాన్న బురదలో సెప్పిందే ఇక్కడా పనికొస్తన్నాది."

కొత్త టైర్లు కదా, నాలుగింటి కిందా నిమ్మకాయలు పెట్టి తొక్కించమన్నాను. మా దగ్గర కొత్త బండి అలా చేస్తే గాని కదలదు. అమ్మ చెప్పింది కదాని కింద బజారు నుంచి తెప్పించాడు. జీపులో ఉంచితే ఆ కాయలు రాళ్లలా గడ్డకట్టేశాయట. టైరు ఎక్కినా నలగకుండా మంచులోకి దిగిపోయాయట. నేను హడలిపోయి, వేడినీళ్లలో వేసి మళ్లీ తొక్కించమన్నాను.

"నిమ్మకాయలకి నీళ్లు కాయమంటావేటే అమ్మా? నాకే నాలుగు రోజుల్నించి తానం లేదు" అన్నాడు.

వాడు పోయాక చుట్టాలు ఆ నలగని నిమ్మకాయల మాటే ఎత్తారు. పది రోజులు నేనూ అదే అనుకున్నాను. ఆ తర్వాత వాడి తోటి డ్రైవరు, నెల్లిమర్ల కుర్రాడు, సిన్నోడి బ్యాగు తెచ్చి ఇచ్చాడు. ఆ రోజు జీపు వెనకే టిప్పరు తోలుతున్నది ఆ అబ్బాయే. మంచు పడడం మొదలైంది, కూలీల్ని తొందరగా కిందికి దింపాలి అనుకున్నారట. మా వాడు టైర్లలో గాలి చూసుకున్నాడట. మలుపు దగ్గర గుండెలో నొప్పి వస్తే గాభరాపడి బ్రేకు తొక్కలేదట. గేరు దించుకుంటూ కొండవైపు తెచ్చి ఆపి, హ్యాండ్‌బ్రేకు లాగి, చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టమని కూలీలకి చెప్పాడట. ఆ తర్వాతే తల వాల్చాడట.

నేను మళ్లీ నా మాటే అడిగాను. ఆ అబ్బాయి చెప్పాడు.

"రొట్టెలు కట్టించుకున్నాడు పిన్నీ. ఈళ్లని దింపీసి తింటానన్నాడు. సీటు పక్కనే ఉన్నాయి. కాగితం కూడా ఇప్పలేదు."

గుండె ఆగిందని డాక్టర్లు రాశారు. తిని ఉంటే బతికేవాడా అంటే ఎవరూ చెప్పలేకపోయారు. నిమ్మకాయల మీద నెపం నేను వదిలేశాను. ఇది మాత్రం వదల్లేకపోతున్నాను. వాళ్ల నాన్న చెప్పిన ఒక మాట ముగ్గుర్ని ఇంటికి చేర్చింది. ఆయనకి దణ్ణం పెడతాను. రెండో మాటకి నేను అడ్డం తగలాల్సింది. మెచ్చుకుంటూ కూర్చున్నాను.

ఆ ముగ్గురిలో ఒకాయన మొన్న ఫోను చేశాడు. ఆయన భాష నాకు రాదు, నాది ఆయనకి రాదు. వెనకాల చిన్నపిల్లలు గోల చేస్తున్నారు, ఎవరో గిన్నెలు సర్దుతున్నారు. ఆ ఇంట్లో భోజనాల వేళని తెలిసింది. ఇద్దరం ఆ చప్పుళ్లు వింటూ ఉండిపోయాం.

బళ్లు తోలే బాబులూ, ఎక్కినవాళ్లు కాసేపు ఆగుతారు. నిద్రొస్తే బండి పక్కన పెట్టి పడుకోండి. వేళకి కడుపునిండా తినండి.