నడిచే చేపల బురదలో నా చెయ్యి

ఆ రోజు పొద్దున జడ వేసుకుంటుంటే మూడో పాయ చేతిలోంచి జారిపోయింది. మళ్ళీ పట్టుకున్నాను, మళ్ళీ జారింది. చూసుకుంటే కుడిచేతి నడిమి వేలు సరిగా మడత పడటం లేదు. కణుపు మీద శనగగింజంత గడ్డ. ఎర్రగా ఉంది గానీ నొప్పి లేదు. నొప్పి లేనిదానికి భయపడే తీరిక నాకెప్పుడూ లేదు. జుట్టు ముడేసుకుని పనిలో కూర్చున్నాను.

నా పని చీరలకు చమ్కీలు కుట్టడం. మొదటి లాక్‌డౌన్ సడలించిన కొత్తలో సూరత్ రింగ్ రోడ్ బట్టల మార్కెట్లు మెల్లగా తెరుచుకున్నాయి, మా ఆయన రాజేశం అక్కడి నుంచి చీరల కట్ట తెచ్చిపెట్టాడు. ఈ పనిలో వేళ్ళకు సూది గుచ్చుకోవడం మామూలే.

"ఏందే, వేలు గట్లయింది?" అన్నాడు ఆయన సాయంత్రం.

"సూది గుచ్చుకున్నది, గంతే."

తర్వాత చూసిన ప్రతి డాక్టర్‌కూ ఇదే చెప్పాను. అందరూ నమ్మారు. నేనూ నమ్మాను.

మాది జగిత్యాల దగ్గర పల్లె. పెళ్ళయ్యాక సూరత్‌లో పర్వత్ పాటియాలో కాపురం పెట్టాం. అక్కడ సందు నిండా మనవాళ్ళే, మగ్గాల చప్పుడులో కూడా తెలుగు వినిపించేది. లాక్‌డౌన్‌కు కొంచెం ముందు రాజేశానికి ఊరికి అటు చివర, ఇచ్ఛాపూర్‌లో, ఫ్యాక్టరీ పని దొరికి అక్కడికి మారాం. మేడ మీద ఇంటావిడ, కింద ఒక గదిలో మేము. ఆమెను అందరూ 'బా' అంటారు, అంటే అమ్మ అని. భర్త పోయాడు, పిల్లల్లేరు. ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టదు. గది అడగడానికి వెళ్ళిన రోజు ఆమె మొదటి ప్రశ్న, మాంసం చేపలు తింటారా అని. రాజేశం తల అడ్డంగా ఊపాడు, నేనూ ఊపాను. అలా ఊపకపోతే ఆ చుట్టుపక్కల గది దొరకదు.

నాకు కుదురు తక్కువ. "ఒక్కతాన కాలు నిలువదే నీకు" అని మా అమ్మ తిట్టేది. అలాంటిదాన్ని తీసుకొచ్చి లాక్‌డౌన్‌లో ఒక్క గదిలో పడేస్తే ఎట్లుంటుంది? గోడలు చూసి చూసి పిచ్చెక్కేది. పొద్దున కూరగాయలకు బయటికి వదిలే వేళలో, సంచీ పట్టుకుని ఇంటి వెనక సర్కారు తుమ్మల్లోంచి నడిచిపోయేదాన్ని. అవి దాటితే ఖాడీ ఉంది. సముద్రపు నీరు లోపలికి వచ్చి పోయే పాయ అది. నీరు వెనక్కి తీసినప్పుడు అంతా బురదే.

ఆ బురద మీద చేపలు నడుస్తున్నాయి. నిజంగానే నడుస్తున్నాయి. కళ్ళు నెత్తి మీద పెట్టుకుని, ముందు రెక్కల మీద ఒళ్ళు ఈడ్చుకుంటూ, మధ్యలో ఎగురుతూ. రెండు ఎదురుపడితే వీపు మీది రెక్క గొడుగులా తెరిచి, నోళ్ళు బార్లా చాపి కొట్లాడుకుంటున్నాయి. మా చెరువు చేపలు ఒడ్డున పడితే గిలగిలా కొట్టుకుని చస్తాయి. ఇవేమో ఒడ్డున కాపురాలు చేస్తున్నాయి. లాక్‌డౌన్ మొదలయ్యాక నేను గట్టిగా నవ్వింది అప్పుడే. అక్కడి ఆడవాళ్ళు బొక్కల్లో మోచేతి దాకా చెయ్యి పెట్టి వాటిని పట్టి కుండలో వేసుకుంటున్నారు. "లెవ్టా" అని పేరు చెప్పి, బాగుంటుందన్నట్టు ఒకామె నోటి దగ్గర చెయ్యి తిప్పి చూపించింది.

చిన్నప్పుడు కాలువ గట్ల బొక్కల్లో చెయ్యి పెట్టి ఎండ్రకాయలు పట్టినదాన్ని. ఏ బొక్కలో పీత ఉందో, ఏ బొక్కలో పాముందో అంచు చూసి చెప్పేదాన్ని. అది మా కాలువ గట్టు మీద తెలివి. సముద్రపు బురద వేరని, అక్కడి బొక్కల లెక్క వేరని నాకు తట్టలేదు. ఒకరోజు కొంగు దోపుకుని దిగాను. కొన్ని లెవ్టాలు దొరికాయి. ఇంకో బొక్కలో చెయ్యి పెట్టగానే ఏదో నడిమి వేలిని పట్టేసింది. లాగితే చేతితోపాటు అరచేతంత పీత బయటికి వచ్చింది. విదిలిస్తే వదిలింది. కొంచెం తోలు లేచింది, కొంచెం రక్తం వచ్చింది. ఆ ఖాడీ నీళ్ళతోనే కడుక్కుని ఇంటికొచ్చి పసుపు అద్దాను.

తలుపు కిటికీ మూసి, ఊదుబత్తులు ముట్టించి, లెవ్టాలతో చింతపండు పులుసు పెట్టాను.

"బా పసిగట్టిందంటే బిస్తరు సర్దుడే మనం" అన్నాడు రాజేశం, ముద్ద మింగుతూనే.

"జర మెల్లగ మాట్లాడి గట్టిగ తిను."

గాయం కొద్దిరోజుల్లోనే మానింది. నేను దాన్ని మరిచిపోయాను. గడ్డ లేచింది ఆ తర్వాత కొన్ని వారాలకు.

సందు చివరి క్లినిక్ డాక్టర్ ప్లాస్టిక్ తెర వెనక నుంచే చూసి యాంటీబయాటిక్ రాశాడు. తగ్గలేదు. కోసి చూశాడు. "పస్ లేదే!" అన్నాడు, నేనేదో దాచిపెట్టినట్టు. షుగర్ టెస్ట్ చేయించాడు, నార్మల్. ఎక్స్‌రే నార్మల్. రోజు మార్చి రోజు డ్రెస్సింగ్. ఈలోగా చేతి వెనక రెండో గడ్డ లేచింది, మణికట్టు దగ్గర మూడోది. ఒకే వరసలో పైకి పాకుతున్నాయి. అప్పుడు భయపడ్డాను.

నా తల చూసి బా ఊరుకోలేకపోయింది. "పెళ్ళైన పిల్లవి, జుట్టు విరబోసుకుని తిరుగుతావా?" అని హిందీ గుజరాతీ కలిపి తిట్టి, మెట్ల మీద కూర్చోబెట్టి జడ వేసింది. అప్పటి నుంచి రోజూ ఆమే వేసేది. రాజేశానికి డ్యూటీ మానే వీల్లేదు, నాకు గుజరాతీ రాదు. స్కిన్ డాక్టర్ దగ్గరికి కూడా ఆమే తోడొచ్చింది.

ఆయన వరుసగా ప్రశ్నలు వేశాడు. తోటపని చేస్తావా? ముల్లు గుచ్చుకుందా? ఇంట్లో అక్వేరియం ఉందా? ఫిష్ కడుగుతావా?

"నహీ సాబ్, హమ్ వెజిటేరియన్" అన్నాను, ఆయన మాట పూర్తి కాకముందే.

పక్క కుర్చీలో బా నేల చూస్తూ కూర్చుంది. డాక్టర్ ఫంగస్ అనుకుని ఇట్రాకొనజోల్ రాశాడు.

మీకు విడ్డూరంగా ఉండొచ్చు. నేను కావాలని దాచలేదు. చేప అనే మాట వినగానే నాకు మూసిన కిటికీ, ఊదుబత్తులు గుర్తొచ్చేవి. చెయ్యి గుర్తొచ్చేది కాదు.

ఆ మాత్రలూ పని చేయలేదు. అరచెయ్యి ఉబ్బి వేళ్ళన్నీ కొంకర్లు తిరిగినట్టయ్యాయి. చమ్కీ పని పోయింది. రాజేశం డ్యూటీకి ముందు అన్నం వండిపెట్టి వెళ్ళేవాడు. నేను గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతూ ఉండేదాన్ని. పని లేని చెయ్యి మెడకు వేసిన బరువులా ఉండేది.

"రెండు దినాలు ఊకె కూసో, తగ్గుతది" అన్నాడొకసారి.

"కూసుంటే తగ్గుతదని ఏ డాక్టర్ చెప్పిండు నీకు?" అని అరిచాను. ఆయన గిన్నెలు తోముకుంటూ ఉండిపోయాడు. నాకు ఏడుపొచ్చింది.

చివరికి పెద్దాసుపత్రికి వెళ్ళాం. ముందు ఆర్‌టీపీసీఆర్, నెగెటివ్ వస్తేనే లోపలికి. ఎమ్మారై తీశారు. రిపోర్ట్‌లో టీనోసైనోవైటిస్ అని ఉంది, వేళ్ళను లాగే టెండన్ తాళ్ళ పొర వాచిందని. మాట్లాడటానికి ఒక్క అటెండెంట్‌నే రానిస్తామన్నారు. "మీరే పోండి బా, నాకు వాళ్ళ మాట సమజ్ కాదు" అని రాజేశం గేటు బయట నిలబడిపోయాడు.

సర్జన్ నా చెయ్యి తిప్పి చూశాడు. "టెండన్ చుట్టూ పాడవుతోంది. ఇలాగే వదిలేస్తే వేలు తీసేయాల్సి రావచ్చు" అన్నాడు. నేను ఆ చెయ్యి ఒళ్ళోకి లాక్కున్నాను. "బయాప్సీ తీస్తాం. కానీ ల్యాబ్‌కు దేనికోసం వెతకాలో రాయాలి. ఇంట్లో టీబీ ఉందా? గేదెలున్నాయా? చేపలు ముట్టుకున్నావా?"

"నహీ" అన్నాను మళ్ళీ.

బా గొంతు సవరించుకుంది. "సాహెబ్, ఈమె ఖాడీ నుంచి లెవ్టా తెచ్చింది. లాక్‌డౌన్‌లో. నాకు తెలుసు" అంది. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసింది. "చెప్పు బేటా. చెయ్యి పోతుంది, చెప్పు."

చెప్పాను. బురద, బొక్క, పీత, ఖాడీ నీళ్ళతో కడుక్కోవడం, అన్నీ. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. సర్జన్ మాత్రం కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"మైకోబ్యాక్టీరియమ్ మెరీనమ్ కావచ్చు. టీబీకి చుట్టం లాంటిది, కానీ టీబీ కాదు. నీళ్ళలో, చేపల దగ్గర ఉంటుంది. ఇది తక్కువ వేడిలో పెరుగుతుంది. చెప్పకపోతే ల్యాబ్ వాళ్ళు మామూలు వేడిలో పెడతారు. ఏమీ పెరగదు, నెగెటివ్ అని ఇచ్చేస్తారు." ఆ సంగతి కాగితం మీద రాసి కింద రెండు గీతలు గీశాడు.

ఆటోలో ఇంటికొస్తుంటే అడిగాను. "బా, గది ఖాళీ చేయాలా?"

"ఆ రోజు నువ్వు బురద కాళ్ళతో తుమ్మల్లోంచి రావడం చూశా, నీ పులుసు వాసన నా పూజ గది దాకా వచ్చింది. ఊదుబత్తితో కలిసి ఇంకా ఘోరంగా" అంది బా. "ఊరంతా మూసి ఉంటే ఎక్కడికి పొమ్మంటానని ఊరుకున్నా. ఆ స్కిన్ డాక్టర్ ముందు నీ పరువు పోతుందని ఊరుకున్నా. అలా ఊరుకోకుండా ఉండాల్సింది." వేలెత్తి చూపిస్తూ మళ్ళీ అంది. "ఇంకోసారి వండితే మాత్రం అదే రోజు సామాను బయట ఉంటుంది."

బయాప్సీ ముక్కను ల్యాబ్‌లో పెంచి చూస్తే, కల్చర్ అంటారు దాన్ని, సర్జన్ అనుమానించిందే పెరిగింది. ఆపరేషన్ చేసి లోపల పాడైంది గీకేశారు, డిబ్రైడ్‌మెంట్ అన్నారు. ఆపైన నెలల తరబడి క్లారిత్రోమైసిన్, రిఫాంపిసిన్, ఎథాంబుటాల్. రిఫాంపిసిన్‌తో మూత్రం ఎర్రగా వస్తే రక్తమనుకుని హడలిపోయాను. ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది. ఎథాంబుటాల్ కంటి మీద పని చేస్తుందని, ఎరుపు ఆకుపచ్చ తేడా తెలుస్తోందా అని ప్రతిసారీ అడిగేవారు. ఇంట్లో చమ్కీ డబ్బా తెరిచి రంగులు వేరుచేసి నన్ను నేనే పరీక్షించుకునేదాన్ని. వాంతులతో మాత్రలు మానేద్దామనుకున్న రోజులున్నాయి. రాజేశం నీళ్ళ గ్లాసు పట్టుకుని ఎదురుగా కూర్చునేవాడు, మింగేదాకా లేచేవాడు కాదు.

సెకండ్ వేవ్‌లో ఫిజియోథెరపీ మూసేశారు. వేలు మళ్ళీ కర్రలా బిగుసుకుంది. ఫోన్‌లో ఫిజియో ఆమె, గట్టి పిండి పిసకమంది. బా రోజూ సాయంత్రం జొన్నపిండి ముద్ద పళ్ళెంలో పెట్టుకుని మెట్ల మీదికి తెచ్చేది. తన వంటింట్లోకి మాత్రం నన్ను రానివ్వలేదు. నేను కళ్ళ నీళ్ళు పెట్టుకుంటూ పిసికితే, ఆ ముద్ద తీసుకెళ్ళి ఆవుకు పెట్టేది. నేను ముట్టింది తను తినదని నాకు కోపమొచ్చేది. పిండి మాత్రం ఒక్కరోజూ తప్పలేదు.

ఇప్పుడు మందులు అయిపోయాయి. వేలు పూర్తిగా మడవదు, చలికాలంలో లాగుతుంది. చమ్కీ పని మళ్ళీ చేస్తున్నాను, మునుపటంత వేగం లేదు. జడ నేనే వేసుకుంటాను. వదులుగా వేశానని బా విప్పి మళ్ళీ వేస్తుంది. అప్పుడప్పుడు ఖాడీ దాకా నడిచి వెళ్ళి గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడతాను. లెవ్టాలు అలాగే కొట్లాడుకుంటున్నాయి. నాకిప్పటికీ నవ్వొస్తుంది.

కొత్త చోట బురదలోనో నీళ్ళలోనో చెయ్యి పెట్టి చిన్న గాయమైనా సరే, మంచినీళ్ళతో సబ్బుతో కడగండి. అది మానిన చోటే వారాల తర్వాత గడ్డ లేస్తే, ఎక్కడ ఏం ముట్టుకున్నారో డాక్టర్‌కు చెప్పండి.

పోయిన నెల మా పక్క గదిలోకి ఒడిషా నుంచి ఒక కొత్త జంట దిగింది. ఆ పిల్ల సంచీ పట్టుకుని తుమ్మల వైపు చూడటం నేను చూశాను, బా కూడా చూసింది. నన్ను పిలిచి మెల్లగా చెప్పింది.

"ఆ పిల్లకు నువ్వే చెప్పు. నా ఇంట్లో చేప వండకూడదు. డాక్టర్ అడిగితే మాత్రం వండానని చెప్పాలి."