దేవుడికి పట్టే మొదటి బిందె

మా వీధిలో నల్లా రోజు విడిచి రోజు, తెల్లవారకముందే వస్తుంది. నీళ్ళకంటే ముందు గాలి వస్తుంది. పైపు లోపల ఎవరో గొంతు సవరించుకుంటున్నట్టు గురగురమంటుంది. ఆ చప్పుడు వినబడేసరికి మా అత్తమ్మ స్నానం చేసి, తడిచీరతో, రాగి బిందె పట్టుకుని నల్లా దగ్గర నిలబడి ఉండేది. మొదటి బిందె దేవుడిది. ఇంట్లో ఇంకెవరి బిందె తాకకముందు పట్టిన నీళ్ళతోనే అభిషేకం, ఆ నీళ్ళే తీర్థం. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచి చూస్తున్న నియమం అది.

నియమమంటే నాకూ భక్తే. ఏకాదశి సత్సంగంలో పారాయణం చేసి అర్థం చెప్పేది నేనే. తీర్థాన్ని శంకించడం నాకు చేతకాని పని.

ఈ వానాకాలం మురుగునీటి మోరీ కోసం రోడ్డు తవ్వి పూడ్చారు. అప్పటి నుంచి రాగి బిందె అడుగున నల్లటి జిగురు పేరుకుంటోంది. చింతపండుతో తోమినా వాసన వదలలేదు. అత్తమ్మ తీర్థంలో పచ్చకర్పూరం ఎక్కువ వేయసాగింది. కర్పూరం కింద నుంచి కూడా ఆ వాసన వచ్చేది. ఎదురింటి కోడలికి కామెర్లు వచ్చాయి. తర్వాత మూలమీది కిరాణం దుకాణం ఆయనకు. మేమంతా మరిగించిన నీళ్ళకు మారాం. అత్తమ్మ మారలేదు. దేవుడి బిందెలో మిగిలినవే ఆమెకు తాగునీళ్ళు.

ఒక పొద్దున నల్లా రాగానే ఒక గ్లాసు పట్టాను. కాసేపాగి ఇంకొకటి పట్టాను. రెండోది తేటగా ఉంది. మొదటిది పలచని చాయ్ రంగులో ఉంది, అందులో నల్లటి పోగులు తేలుతున్నాయి. నల్లా రాని రోజున, రోడ్డు తవ్వినప్పుడు పడ్డ పగుళ్ళలోంచి పైపులోకి దిగిన మోరీ నీరంతా ముందుగా బయటికి వస్తోంది. మేం పట్టుకునేసరికి అది వెళ్ళిపోతోంది. దేవుడికీ అత్తమ్మకూ అదే దక్కుతోంది.

"అత్తమ్మా, ముందుగాల జరసేపు నీళ్ళు పోనియ్యి. తర్వాత పట్టు."

"అంటే మీరు పట్టుకున్నంక మిగిలినయా దేవునికి? మంచిగుంది నీ పారాయణం!"

"గీ గ్లాసు చూడు, రంగు ఎట్లుందో."

"కండ్లు నీకొక్కదానికే ఉన్నయా? దేవుని మీద పడ్డంక అంతా గంగనే. నీ నమ్మకం స్టవ్ మీద మరుగుతాందే, గంతే!"

ఆ మాట గుచ్చుకుంది. ఆ రోజంతా దేవుడి గదిలోనే జవాబు వెతికాను. సాయంత్రం అన్నం పెడుతూ మళ్ళీ అడిగాను.

"దేవుడు ఇంటికొస్తే ముందుగాల నీళ్ళు ఏడ పోస్తం అత్తమ్మా?"

"కాళ్ళకు. పాద్యం. గిది కూడ తెల్వదా?"

"మరి కాళ్ళకు పోసే నీళ్ళు నోటికి ఎందుకిస్తానవ్?"

"గీ ముక్క పొద్దున్నే చెప్తే నీ సొమ్మేం పోయేది?" అని నవ్వింది. నవ్వుతూనే పళ్ళెంలో అన్నం పక్కకు నెట్టేసింది. పిత్తం చేసిందట. లేచేటప్పుడు గోడ పట్టుకుంది.

మళ్ళీ నల్లా వచ్చిన పొద్దున ఆమె మొదటి నీళ్ళు స్టీలు బిందెలో పట్టి, పాద్యం సమర్పిస్తున్నానంటూ గేటు ముందు పారబోసింది. నల్లటి పోగులు మోరీలోకి జారిపోయాయి. తేట నీళ్ళు వచ్చాక రాగి బిందె నింపింది కానీ ఎత్తలేకపోయింది. నేను మోసుకొచ్చాను.

పూజకు కూర్చునేసరికి వెలుగొచ్చింది. కిటికీ వెలుతురు ఆమె ముఖం మీద పడింది.

"అత్తమ్మా, ఒకసారి నా దిక్కు చూడు."

"ఏందే, మొఖానికి పసుపంటిందా?" అని చెంప తుడుచుకుంది.

పసుపు చెంప మీద కాదు, కళ్ళలో ఉంది.

"దవాఖానకు పోదాం పా."

"అభిషేకం అయినంక."

ఉద్ధరిణి పట్టిన ఆమె చేతిని నా చేత్తో పట్టుకుని ఇద్దరం కలిసి నీళ్ళు పోశాం. నీళ్ళకు ఏ వాసనా లేదు. ఎన్నాళ్ళకో వచ్చిన ఆ శుభ్రమైన నీళ్ళను చూస్తుంటే, ఆలస్యమైందేమోనని నాకు భయం వేసింది.

"చెయ్యి పట్టు, బిడ్డా," అని తీర్థం ముందు నాకే ఇచ్చింది. కళ్ళకద్దుకుని తాగాను. ఆమె గోళ్ళు కూడా పచ్చబడి ఉన్నాయి. కిటికీలోంచి చూస్తే, మా మాటలు విన్న మా ఆయన ఆటో కోసం వీధి చివరికి పరుగెత్తుతున్నాడు.