మూలుగ పీల్చిన బొక్కలు

ఆదివారం మాంసం వండితే, బొక్కను పళ్లెం అంచుకు తట్టి, లోపలి మూలుగంతా పీల్చాకే పక్కన పెట్టనిచ్చేదాన్ని. పిల్లలు వదిలినదాన్ని నేను మళ్లీ ఒకసారి తట్టి చూసేదాన్ని. ఒట్టి బొక్క కుక్కకు. పదేళ్లు అది మా వాకిట్లో అలాగే బతికింది.

ఆ ఏడు చెరకు బండ్లు బోధన్ ఫ్యాక్టరీకి పోయే రోజుల్లో కుంటడం మొదలుపెట్టింది. ఒక వారం ముందు కాలు, మరో వారం వెనక కాలు. బెణుకు ఒక కాలి నుంచి ఇంకో కాలికి నడిచిపోతుందా? నాకేమీ అర్థం కాలేదు. ఏ బండో తగిలిందనుకుని పసుపూ సున్నం కలిపి పట్టు వేశాను. తర్వాత గంగాళంలో నీళ్లు పోసినవి పోసినట్టే తాగసాగింది. ఒకనాడు ముక్కు నుంచి నెత్తురు కారింది. బెణుక్కి ముక్కు కారదని నాక్కూడా తెలుసు. కొడుకును వెంటబెట్టుకుని నిజామాబాద్ పశువుల దవాఖానకు పోయాను.

డాక్టరు చిగుళ్లు ఎత్తి చూసి, తెల్లగా పాలిపోయాయన్నాడు. నెత్తురు పరీక్ష చేయించి, ఎక్స్‌రే తీయించాడు. దాన్ని వెలుతురుకు పట్టి చూపిస్తే ఎముకల నిండా గుండ్రటి చిల్లులు, జల్లెడలాగా. సంగతి తేలాలంటే తుంటి ఎముకలోకి సూది దించి, మూలుగ తీసి హైదరాబాద్ పంపాలట. కుక్క తల నా ఒళ్లో పెట్టుకున్నాను. మత్తు ఎక్కేదాకా అది నా చేయి నాకుతూనే ఉంది.

కొన్నాళ్లకు జవాబు వచ్చిందంటే మళ్లీ దవాఖానకు పోయాం. మూలుగలో క్యాన్సరట.

"సారూ, దానికి నేను ఎన్నడు మూలుగ పెట్టలె. అన్ని పీల్చిన బొక్కలే ఏసిన. గందుకే అచ్చిందా?" అని అడిగాను.

"గట్లేం లేదు పెద్దమ్మా. తిండితోని వచ్చేది కాదు గిది. ఎందుకొస్తదో మాకే సరిగ ఎరుక లేదు."

"మా బొక్కలు గూడ నువ్వే తట్టినవ్ గదనే అవ్వా, మేం మంచిగనే ఉన్నం," అన్నాడు కొడుకు.

రోగం ఎక్కడుందో సూదితో పట్టుకున్నవాడికి, ఎందుకొచ్చిందో తెలియకపోవడం ఏమిటో! నొప్పికి గోలీలిచ్చి, ఇంక ఎక్కువ రోజులు ఉండదని చెప్పి పంపాడు.

ఆ ఆదివారం అన్నిటికన్నా పెద్ద బొక్కను, తట్టకుండానే తెచ్చి దాని ముందు పెట్టాను. పైపైన నాకి, అటు ఇటు తిప్పి, నా మొహం చూసింది. కొరికే బలం లేదో, లోపల ఏమైనా ఉంటుందని దానికి తెలియనే తెలియదో. బొక్క తీసుకుని గడప రాయికి తట్టి, మూలుగను అరచేతిలో పట్టి మూతి దగ్గర పెట్టాను. మెల్లగా నాకింది.

తట్టిన చప్పుడు విని పిల్లలు పళ్లేలు పట్టుకుని వచ్చారు. లోపలికి పొమ్మన్నాను.