అరికాళ్లతో విన్న దరువు

ముందే చెబుతున్నాను, నా చేతిలో పడితే చినుకు కూడా చెరువవుతుంది.

కోరుట్లలో శని, ఆదివారాలు జానపద ఆటపాటల మేళా జరిగింది. కోలాటం నడిపే గురువు సిరిసిల్ల నుంచి వచ్చాడు; మేళాలో ఆయనకు తోడుండే పని నాది. నలభై ఏళ్లు మరమగ్గాల మధ్య పనిచేసి చెవులు పోగొట్టుకున్నాడు. ఆ మోతకు ఎక్కడో ఉన్న జగిత్యాల ఖిల్లా గోడలు కూడా అదిరేవి. అందుకే ఆయన చెప్పులు విప్పి, నేల అదురును బట్టి అరికాళ్లతో డప్పు దరువు పట్టుకునేవాడు.

"గీళ్లకు చెప్పకు తమ్మీ. చెవుడని తెలిస్తే ఆట నడపనియ్యరు," అని నా చెయ్యి పట్టుకున్నాడు.

ఆదివారం ఆట మధ్యలో జల్లు పడింది. డప్పు తడిసి మెత్తబడడంతో, దాన్ని కాచి బిగించుకోవడానికి డప్పాయన మంట దగ్గరికి వెళ్లాడు. గురువు మాత్రం కోలలు కొడుతూ తిరుగుతూనే ఉన్నాడు. దరువు లేకుండా ఆడుతుంటే ఆయన చెవుడు ఇక అందరికీ తెలిసిపోతుందనుకున్నాను.

"ఆగకుర్రి! కాళ్లు గట్టిగ ఎయ్యుర్రి! గురువుకు ఎరుక గావద్దు!" అని ఆడుతున్న ఒకామె గొంతెత్తి అరిచింది. అందరికీ ముందే తెలుసన్నమాట. ఇరవై జతల కాళ్లు నేలను దంచాయి.

ఆట ముగిశాక ఆయన నా దగ్గరికొచ్చి, "నడుమల డప్పు ఆగిందా తమ్మీ?" అని అడిగాడు. లేదని తల అడ్డంగా ఊపాను.

ఖిల్లా గోడలు అదరలేదని మీకు తెలిసే ఉంటుంది. ఒకరు నిజంగా నమ్మాలని నేను ఆడిన అబద్ధం మాత్రం ఆ తల ఊపు ఒక్కటే.