బావ కట్టిన ఎర్రదారం గాలం

మా అక్క మొగుడూ నేనూ సౌదీలోని యాన్బులో ఒకే లేబర్ క్యాంపులో ఉండేవాళ్లం. శుక్రవారం వస్తే ఇద్దరం సముద్రపు గట్టు మీదికి చేపలకు పోయేవాళ్లం. వానపాము గుచ్చి కూర్చోవడమంటే బావకు నామోషీ. గాలానికి కోడి ఈక చుట్టి, నీళ్లలో చిన్నచేపలా ఆడించాల్సిందే. గోదావరి ఒడ్డున వాళ్ల నాయన అలాగే కట్టేవాడట. పుంజు మెడ ఈక, నల్లదారం, ఈక కొస గాలం వంపు దాటకూడదు. బావ మాత్రం ఈకను బారుగా వదిలేసి, కొండగట్టు గుడిలో చేతికి కట్టించుకున్న ఎర్రదారంలోంచి ఒక పోగు లాగి పైన చుట్టేవాడు.

"గాలమా, పెండ్లిపిల్లనా బావా?" అని ఆటపట్టించేవాణ్ని.

"ఎవడు కట్టిండో చేపకన్నా తెల్వాలె గదరా" అనేవాడు.

షుగర్ ఆయన కళ్లను తినేసింది. ముందు పనిలో చూసే మీటరు మీది అంకెలు పోయాయి, తర్వాత నా ముఖం. కంపెనీ వీసా రద్దు చేసి ఖురూజ్ కొట్టి, ఇంటికి టికెట్ చేతిలో పెట్టింది. ఎవరిని తిట్టాలో తెలియక గదిలో గోడను తిట్టాను.

బావ ధైర్యం బావకుంది. "కండ్లు పోతే పోనీ, చేతి ఏళ్లున్నయ్. ఊళ్లె గాలాలు కట్టి అమ్ముకుంట బతుకుత. గీ పనికి చూపెందుకు?" అన్నాడు. ఆ మాట పట్టుకునే అన్నం తింటున్నాడు.

ఆఖరి శుక్రవారం గట్టు మీద కూర్చుని గాలం కట్టాడు. నన్ను ముట్టనివ్వలేదు. దారం జారింది, ఈక తిరగబడింది. గాలం మొన వేలిలో దిగి రక్తం కారుతున్నా ఆయన చుడుతూనే ఉన్నాడు. గుచ్చుకున్నట్టు తెలియనే లేదు. షుగర్ వేళ్లనూ వదల్లేదని నాకు అప్పుడే తెలిసింది.

ఎలాగో కట్టి విసిరాడు. కాసేపటికి లాగితే ఈక లేకుండా ఉత్త గాలం వచ్చింది, దారం వేలాడుతోంది.

"చేప కొరుక్కపోయింది బావా!" అన్నాను.

ఆయన దారం కొసను వేళ్లతో నలిపాడు. వేళ్లకు ఏమీ తెలియక, పెదవికి ఆనించి చూసుకున్నాడు.

"కొరికితే తెగుతదిరా. ఇది ఊడింది."

తర్వాత ఈకల డబ్బా తడుముకుని నా ఒడిలో పెట్టాడు.

"ఇగ నువ్వే కట్టుకో. మా నాయన లెక్క, నల్లదారంతోనే కట్టు."