చాలు తల్లీ

మా బాల్కనీలో వాషింగ్ మెషీన్ పక్కన ఒక స్టూలు ఉంటుంది. అది మా అత్తయ్యది. ఆ మెషీన్‌లో నీళ్లు నిండినా ఆగకుండా పొంగిపోయేవి. అందుకని ఆవిడ అక్కడే కూర్చుని, "రా తల్లీ" అంటూ కుళాయి తిప్పేవారు. బట్టలు మునగగానే కట్టేసి, తడిచేయి కళ్లకద్దుకుని, "చాలు తల్లీ" అనేవారు.

మెకానిక్‌ని పిలుద్దామంటే నవ్వేవారు. "ఏంటమ్మాయ్, నా ఉద్యోగం ఊడగొడతావా? గంగమ్మ నా మాట వింటోందిగా!"

ఆవిడ పోయాక మొదటిసారి బట్టలు వేసి, కుళాయి తిప్పి, అలవాటుగా వంటింట్లోకి వెళ్లిపోయాను. వచ్చి చూసేసరికి నీళ్లు దేవుడి గది గడప దాకా వచ్చేశాయి.

పంజాగుట్ట నుంచి మెకానిక్ వచ్చి, కుళాయి తిప్పి ముందు ప్లగ్గు పీకాడు. నీళ్లు వస్తూనే ఉన్నాయి.

"కరెంటు తీసినా వస్తున్నయంటే వాల్వ్ మూసుకుంటలేదమ్మా. ఇన్నొద్దులు ఎట్ల నడిపిండ్రు?"

"మా అత్తయ్య ఉండేవారు బాబూ."

కొత్త వాల్వ్ వేశాడు. "ఇగ ఫికర్ లేదు, దానంతటదే ఆగుతది" అంటూ స్టూలు పక్కకు జరపబోయాడు. వద్దన్నాను.

అతను వెళ్లాక మెషీన్ వేశాను. నీళ్లు సరిగ్గా ఆవిడ ఆపే చోటే ఆగాయి. అప్పటికే నా చేయి కుళాయి మీద ఉంది. ఇన్నాళ్లూ మా ఇంటిని కాచినందుకు ఆవిడకి మనసులోనే దణ్ణం పెట్టుకుని, తడిచేయి కళ్లకద్దుకున్నాను.

ఇప్పటికీ నీళ్లు ఆగేదాకా అక్కడే నిలబడతాను. స్టూలు మీద మాత్రం కూర్చోను. దాని మీద ఇంకా ఆవిడే ఉన్నారు.