ఆదివారం వచ్చిపోయిన పేరు

హోసూరులో ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నాకు ఆదివారం అంటే భయంగా ఉండేది. మిగతా రోజులు ఎట్లాగో గడిచిపోయేవి. పొద్దున్నే కంపెనీ బస్సు, సాయంత్రం దాకా టేబుల్ ముందు నిలబడి చిన్న చిన్న ఇనుప సామాన్లు కొలిచి పక్కన పెట్టడం, మళ్లీ హాస్టల్, నీళ్ల సాంబారు, నిద్ర. ఆదివారం మాత్రం లేచినప్పటినుంచే ఏం చేయాలో తోచేది కాదు. హాస్టల్లో అమ్మాయిలు లేక కాదు, గది నిండా ఉన్నారు. సేలం పిల్లలు సేలం పిల్లలతో, ధర్మపురి వాళ్లు ధర్మపురి వాళ్లతో గుంపులుగా కూర్చుని తమిళంలో నవ్వుకునేవాళ్లు. నాకు తమిళం రాదనా? బ్రహ్మాండంగా వచ్చు. నన్ను పిలవాలని ఎవరికీ తోచేది కాదు, అంతే. పిలవని చోటికి వెళ్లి కూర్చోవడం నా వల్ల కాదు. ఆ పొగరుతోనే సోమవారం దాకా నోరు మెదపకుండా గడిపిన ఆదివారాలు ఉన్నాయి. మాటకు మొహం వాచిపోయాను.

నాకు మాట్లాడే మనిషంటూ ఉన్నది ఒకే ఒక్క స్నేహితురాలు. బర్గూరు కాలేజీలో నా పక్కన కూర్చునేది. మాది వేప్పనపల్లి దగ్గర మామిడి తోటల పల్లె, తనది కృష్ణగిరి టౌను. తను నోరు తెరిస్తే ఆగేది కాదు, నేను మధ్యలో ఏదో ఒకటి విసిరేదాన్ని, ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వేవాళ్లం. చదువు అయిపోగానే తనకు పెళ్లి చేసేశారు. బాగలూరు దగ్గర గులాబీలు పండించే ఇంటికి కోడలైంది. అదే ఏడాది నాకు హోసూరులో పని దొరికింది.

"బాగలూరికీ హోసూరికీ ఎంత దూరమే? కాఫీ తాగేదానికి వచ్చి పోతా ఉండు" అని పెళ్లిలో నగల మధ్యలోంచే నా చెవిలో చెప్పింది.

ఒకసారి వెళ్లాను. మర్యాదకు ఏ లోటూ చేయలేదు. వాళ్లత్తగారు కాఫీ ఇచ్చి, నిప్పట్లు పెట్టి, మా ఇద్దరి మధ్యన కూర్చుంది. కూర్చున్నావిడ మళ్లీ లేస్తే ఒట్టు.

"ఇంకా నీకు పెండ్లి చెయ్యలేదామ్మా? ఒంటిగా హాస్టల్లో ఉండేదానికి మీ నాయన ఎట్ల ఒప్పుకున్నాడమ్మా?" అని అడిగింది. నా స్నేహితురాలు తల ఎత్తకుండా చీర కొంగు మడతలు పెడుతూ ఉండిపోయింది. బస్సు ఎక్కించడానికి కూడా అత్తగారే వచ్చింది. మళ్లీ రమ్మని మాత్రం అనలేదు. ఫోను చేద్దామంటే ఇంటి ఫోను హాల్లో అందరి మధ్యా ఉంది, సెల్లు వాళ్లాయన జేబులో ఉంది. అరగంట బస్సు దూరంలో ఉన్న మనిషితో మాట్లాడే దారి లేక నాకు ఏడుపు వచ్చేది.

ఇక మిగిలింది ఒక సైటు. అప్పటికి మా సెల్లుల్లో ఇంటర్‌నెట్ రాలేదు. కాలేజీ చివరి రోజుల్లో మేమిద్దరం కృష్ణగిరిలో ఒక బ్రౌజింగ్ సెంటర్లో ఒకే కుర్చీలో ఇరుక్కుని కూర్చుని, చెరొక పేజీ తెరిచి పెట్టుకున్నాం. ఫొటో పెట్టుకోవచ్చు, ఏదైనా రాసుకోవచ్చు, తెలిసినవాళ్లను స్నేహితులుగా కలుపుకోవచ్చు. ఒకరి పేజీలో ఇంకొకరు రాసినది ఊరందరికీ కనిపించేది. హోసూరులో ఒక బేకరీ పైన అట్లాంటి సెంటరే ఇంకొకటి దొరికింది. ప్లైవుడ్ గదులు, అక్షరాలు అరిగిపోయిన కీబోర్డులు, కింది నుంచి బన్నుల వాసన. ఆదివారం గడవక అక్కడికి పోవడం మొదలుపెట్టాను.

ఆ సైటులో ఒక సెట్టింగు ఉండేది. అది పెట్టుకుంటే, మన పేజీకి ఎవరెవరు వచ్చి చూసిపోయారో పేర్లు కనిపిస్తాయి. కానీ మనం ఎవరి పేజీకి వెళ్లినా అక్కడ మన పేరూ పడుతుంది. వద్దనుకుంటే రెండూ ఉండవు. మనం దొంగచాటుగా చూసి రావచ్చు గానీ, మనల్ని ఎవరు చూశారో మనకూ తెలియదు. న్యాయమైన బేరమే అనిపించి నేను పేర్లు కనపడేట్టు పెట్టుకున్నాను.

ఒక ఆదివారం ఆ పేర్లలో నా స్నేహితురాలి పేరు కనిపించింది. ప్రాణం లేచొచ్చింది! వెంటనే తన పేజీలోకి వెళ్లి "ఎట్లుండావే?" అని రాశాను. జవాబు లేదు. మరుసటి ఆదివారం మళ్లీ పేరు ఉంది, మాట లేదు. ఆ పై వారమూ అంతే. నేనే సర్దిచెప్పుకున్నాను. రాస్తే అత్తగారి తరఫు చుట్టాలంతా చూస్తారు. రాయడానికి వీల్లేక ఊరికే వచ్చి చూసిపోతోంది. నన్ను మరిచిపోలేదు. నాకు అది చాలు.

అది చాలు అని అంత తేలిగ్గా అనేశాను గానీ, వారమంతా నేను బతికింది ఆ పేరు మీదే. తను చదువుతుందని నా పేజీలో ఏవేవో రాసేదాన్ని. హాస్టల్ సాంబారులో ముల్లంగి ముక్క కోసం మేము చేసే గాలింపు, మా సూపర్‌వైజర్ మీసం, మార్గశిరంలో హోసూరు మంచుకు బస్సు కనపడక నేను కూలీల వ్యాను ఎక్కబోయిన సంగతి. ఎవరి పేరూ పెట్టకుండా రాసేదాన్ని. చదివేవాళ్లకు పిచ్చిపిల్ల అనిపించి ఉంటుంది. ఒకసారి మాత్రం ఉండబట్టలేక "ఈ ఊర్లో నాకు ఎవరూ లేరు" అని రాసేశాను. ఆ ఆదివారం కూడా తన పేరు వచ్చింది. నా పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నట్టే అనిపించింది.

ఇంతలో హాస్టల్లో గొడవైంది. ఒక అమ్మాయి ఫొటోను ఎవడో ఆ సైటులోంచి తీసుకుని, ఆమె పేరుతో ఇంకో పేజీ పెట్టి, పిచ్చిరాతలు రాశాడు. ఆ పిల్ల అన్నం మానేసి ఏడ్చింది. దాంతో అందరూ బ్రౌజింగ్ సెంటరుకు పరుగెత్తి, స్నేహితులు తప్ప ఎవరూ చూడకుండా పేజీలు మూసేసుకున్నారు. సెంటరు ఆయన నడివయసు మనిషి, మంచివాడు, ఒక్కొక్కరికీ ఓపికగా చేసి ఇచ్చాడు. నా వంతు వచ్చేసరికి నేను వద్దన్నాను.

"ఏమ్మా, అందరూ బీగం వేసుకుంటా ఉండారు. నీది సంత మాదిరి తెరిచి పెట్టుకున్నావే?"

"ఉండనీ అన్నా."

"పోనీ, పేర్లు పడేదన్నా ఆపెయ్. నువ్వు యాడికి పోయినా ఆడ నీ పేరు పడతా ఉంది. ఆడబిడ్డకి మంచిది కాదమ్మా."

"ఆపితే నాకు వచ్చినోళ్ల పేర్లు కనపడతాయా?"

"అదెట్ల కనపడతాయి?"

"అట్లయితే వద్దు."

ఆయన నావైపు అదోలా చూసి పక్క గదికి వెళ్లిపోయాడు. ఎవడో ప్రియుడు ఉన్నాడనుకుని ఉంటాడు. అనుకోనీ అని ఊరుకున్నాను.

ఆయన చెప్పినంతా జరిగింది. బెంగుళూరులో మా మేనమామ కొడుకు ఉండేవాడు. నన్ను అతనికే ఇవ్వాలని ఇంట్లో మాటలు నడుస్తున్నాయి. ఒకరోజు హాస్టల్‌కు ఫోను చేశాడు.

"నా ఫ్రెండు పేజీకి ఏంటికి పోయినావు? నీ పేరు పడిందంట, వాడు నన్ను అడిగి నవ్వుతా ఉండాడు."

"ఆయప్ప ముందు నా పేజీకి వచ్చినాడు. ఎవురో చూసేదానికి నేను పోయినాను. నువ్వు ఏంటికి పోయినావని ఆయప్పని అడిగినావా?" అన్నాను. నాకు ఒళ్లు మండిపోయింది.

అడగలేదు. ఎందుకు అడుగుతాడు! నెల తిరక్కుండానే ఆ సంబంధం మాట అటకెక్కింది. అమ్మ ఫోనులో ఏడ్చింది. అదొక్కటి ఆపేసుకుంటే పోయేదానికి ఇంత పట్టు దేనికని నాన్న అడిగాడు. నేనేమి చెప్పను? ఒక పేరు కోసం అంటే వాళ్లకు అర్థమవుతుందా? నేను ఆపలేదు.

ఆ వేసవిలో కృష్ణగిరిలో నా స్నేహితురాలి తమ్ముడి పెళ్లి జరిగింది. వాళ్లమ్మ గుర్తుపెట్టుకుని నన్ను పిలిచింది. మండపంలో తను అత్తగారి పక్కన కూర్చుని నన్ను చూసి కళ్లతోనే నవ్వింది. భోజనాల హాలు వెనక చేతులు కడుక్కునే చోట మాత్రం మేమిద్దరమే కాసేపు చిక్కాం. ఎన్నాళ్లకో చేతికందిన మనిషి! ఏం మాట్లాడాలో తెలియక ముందు అదే అన్నాను.

"ప్రతి ఆదివారం నీ పేరు చూస్తానే ఉండానే. అది చూసినాంకే నాకు అన్నం."

"ఏం పేరు?"

"సైటులోనే. నువ్వు వచ్చి చూసి పోతా ఉండావు కదా."

తను నా మొహంలోకి చూసింది. "నేనా? పెండ్లి అయినాంక నేను కంప్యూటరు ముందర కూర్చోనేలేదే. అది ఆయన. పూల లెక్కలకి కంప్యూటరు పెట్టుకున్నాడు కదా, ఆదివారం పూట నా దాంట్లో పోయి చూస్తా ఉంటాడు."

"నీ పాస్‌వర్డ్ ఆయనకెట్ల తెలుసు?"

"నేనే ఇచ్చినాను. అడిగినాడు, ఇచ్చినాను."

అందులో తనకు వింతేమీ కనిపించలేదు. మా వైపు కొత్త కోడలు అత్తగారింట్లో అడుగుపెట్టగానే తన పెట్టె తాళంచెవి తీసి అత్తగారి చేతికి ఇస్తుంది. ఆవిడ పెట్టె తెరిచి, పై చీర ఒకటి తాకి, తాళంచెవి తిరిగి కోడలికి ఇచ్చేస్తుంది. ఈ ఇంట్లో నాకు దాపరికం లేదని చెప్పడం అది.

"పెట్టె తాళంచెవి అత్త ఆ పొద్దే నాకు తిరిగి ఇచ్చేసింది" అంది తను. "ఈ పాస్‌వర్డుని తిరిగి ఇచ్చే అలవాటు ఎవురికుండాది చెప్పు?"

నాకు తల కొట్టేసినట్టయింది. ముల్లంగి ముక్కలూ, సూపర్‌వైజర్ మీసమూ, ఈ ఊర్లో నాకు ఎవరూ లేరన్న మాటా, అన్నీ ఆ మనిషి చదివాడు. నా చెయ్యి పట్టుకున్నట్టు అనిపించిన రోజు కూడా వచ్చింది అతనే. సిగ్గుతో, కోపంతో నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"నేను నీ గురించి ఏమన్నా రాస్తానని కాపలానా? ఈ పొద్దే పోయి అంతా మూసేస్తా. మీ ఆయన మొహానే బీగం వేస్తా చూడు!"

తను గబుక్కున నా మణికట్టు పట్టుకుంది.

"వద్దే, నీకు దండం పెడతా. ఆయన చెడ్డోడు కాదు, సుమ్నే, ఊరికే చూస్తాడు. ఆయన చూసేటప్పుడు నేను కాఫీ తీసుకోని పోయి వెనకాల నిలబడుకుంటా. నీ పేజీ వచ్చేదాకా కాఫీ చేసేది తడువు చేస్తా. నేను నిన్ను చూసేది అట్లనే."

నేను కళ్లు తుడుచుకున్నాను.

"రాసిందంతా చదివేదానికి కాదే, జల్దీ జల్దీ కిందికి తోసేస్తాడు. ఫొటో పెట్టు. మొగం బాగా కనపడేట్ల పెద్దది పెట్టు" అంది. ఇంతలో లోపలినుంచి ఎవరో పిలిచారు. తను చేతులు తుడుచుకుని వెళ్లిపోయింది.

హోసూరు తిరిగి వచ్చాక నేను రాయడం మానేశాను. స్టూడియోకు వెళ్లి ఫొటోలు దిగడం మొదలుపెట్టాను. ఫొటో అంటే ఆమడ దూరం పోయేదాన్ని, వారానికొక చీర కట్టి నిలబడ్డాను! సెంటరు ఆయన వాటిని ఎక్కించి ఇస్తూ "అంత పెద్దదిగానా అమ్మా?" అని నొచ్చుకునేవాడు. హాస్టల్లో నా వెనకాల ఏమనుకునేవాళ్లో నాకు తెలుసు. ఎవరో తెలియని మగవాళ్లు వచ్చి ఫొటోల కింద వెధవ మాటలు రాసేవాళ్లు, నేను కూర్చుని ఒక్కొక్కటీ తుడిచేసేదాన్ని. పేర్లలో తన పేరు వచ్చేది. అది ఆయన అని తెలుసు. ఆయన వెనకాల తను నిలబడి ఉందని కూడా తెలుసు. అందుకని ఆ పేరు చూసి ఒకేసారి మంటగానూ ఉండేది, కడుపు నిండినట్టూ ఉండేది.

కొన్ని వారాలు అట్లా నడిచింది. తర్వాత ఒక ఆదివారం ఆ పేరు రాలేదు. ఊరెళ్లారేమో అనుకున్నాను. మరుసటి వారమూ రాలేదు. తన పేజీ తెరవబోతే, స్నేహితులకు తప్ప చూసే వీలు లేదని వచ్చింది. స్నేహితుల్లోంచి నన్ను తీసేశారు. ఎందుకో నాకు ఎవరూ చెప్పలేదు. చేతిలో కాఫీ పెట్టుకుని, ఇంకోసారి వెనక్కి పోనియ్యప్పా, ఆ ఫొటో చూస్తా అని తను నోరు జారి ఉంటుందేమో. తన సంగతి నాకు తెలుసు, నోరు ఆగదు.

"ఇప్పుడన్నా మూసుకుందామా అమ్మా?" అని సెంటరు ఆయన అడిగాడు. నిజానికి ఇక తెరిచి పెట్టుకోవలసిన పనే లేదు. కానీ నేను మూసేస్తే ఇక స్నేహితులకే కనపడతాను. తను ఇప్పుడు ఆ లెక్కలో లేదు. ఆయన ఎప్పుడైనా బుద్ధి పుట్టి, పేరు పడకుండా వచ్చి చూస్తే, వెనకాల నిలబడిన మనిషికి నా మొహం కనపడొద్దా?

"వద్దన్నా, ఉండనీ" అన్నాను. ఆ వారం ఫొటో ఎక్కించి, మగవాళ్ల రాతలు తుడిచేసి, పేర్లు చూసుకున్నాను. తన పేరు లేదు. వచ్చే వారానికి ఏ చీర కట్టుకోవాలా అని ఆలోచించుకుంటూ మెట్లు దిగాను.